కుండీలో రంగు, చేలో ఎరుపు

గుంటూరు నుంచి పెదనందిపాడు మీదుగా పర్చూరు పోయే దారిలో రోడ్డుకి రెండు వైపులా నల్లరేగడే. మిరప, పత్తి, అవి తీశాక అక్కడక్కడా శనగ. ఆ దారి పక్క ఊళ్ళలో ఇప్పుడు చాలా ఇళ్ళ వసారాల్లో రంగు ఆకుల కుండీలు కనపడుతున్నాయి. క్రోటన్లు ఎక్కువ, అగ్లోనిమాలు కొత్త మోజు. కడియం నర్సరీల సరుకు ఆటోల్లో, వ్యాన్లలో ఊరూరా తిరిగి గుమ్మం ముందు ఆగుతోంది. ఈ మొక్కలకి ఈ నేల మీద చోటు ఉందా లేదా అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, నాకు అది చిన్నదిగా తోచదు. 2021లో మిరప పోగొట్టుకున్న రైతునీ, గుంటూరులో వృక్షశాస్త్రం చెప్పి రిటైరై పుట్టింటి ఊరు చేరిన అతని చెల్లెల్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఆ ప్రశ్న అడిగితే మాటలు ఇట్లా నడుస్తాయి.

అన్న: మొక్కల బండి మళ్ళీ వచ్చిందంట కదమ్మాయ్. ఈసారి ఏం కొన్నావ్?

చెల్లెలు: మూడు క్రోటన్లు అన్నయ్యా. వెడల్పాకుది పెట్రా. పచ్చటి ఆకు మీద పసుపు ఈనెలు, ముదిరేకొద్దీ ఎరుపెక్కుతుంది. పసుపు చుక్కలు చల్లినట్టు ఉన్నది గోల్డ్ డస్ట్. మెలి తిరిగిన ఆకుదాని పేరు బండి అతనికీ తెలియదు.

అన్న: కాయ కాయదు. పూత ఉందో లేదో కనపడదు. ఆకు గొడ్డు తినదు. దేనికి పనికొస్తది?

చెల్లెలు: గొడ్డుకి అసలు పెట్టొద్దు. ఆముదం కుటుంబం ఇది. ఆకు తుంచితే కారే రసం కొందరి చర్మానికి పడదు, నమిలితే నోరు మండుతుంది. దూడలు తిరిగే చోట కుండీ పెట్టను, పిల్లలకి అందనివ్వను.

అన్న: విషం కూడానా! బండివాడేమో గాలి శుభ్రం చేస్తదని చెప్పి అమ్ముతున్నాడు.

చెల్లెలు: ఆ మాట నమ్మి నేను కొనలేదు. 1989లో నాసా వాళ్ళు మూత బిగించిన చిన్న గదుల్లో మొక్కలు పెట్టి చేసిన ప్రయోగం అది. మన ఇల్లు తలుపులు, కిటికీలు తెరిచి ఉండే ఇల్లు. ఆ గాలితో పోలిస్తే మూడు కుండీలు చేసేది లెక్కలోకి రాదు. ఆకు రంగు బాగుందని కొన్నాను, అంతే.

అన్న: రంగు కోసం కొన్నావా! ఇక్కడ ఎకరా మిరపకి కౌలు, నారు, మందులు, కోత కూలి కలిపితే లక్ష దాటిపోయి ఎంతవుతదో నీకు తెలుసు. ఆ లెక్క పెట్టుకున్నోడికి రంగు చూసి డబ్బులు పెట్టే బుద్ధి పుట్టదు.

చెల్లెలు: నువ్వు రంగు అమ్ముకునే మనిషివే అన్నయ్యా. మిర్చి యార్డులో నీ టిక్కీ బస్తా కోసి గుప్పెడు కాయ తీసి వ్యాపారి ముందు చూసేది ఏంటి? తేజ రకం అయితే ఘాటుకి అడుగుతారు. బ్యాడిగకి కారం తక్కువైనా ధర పలికేది రంగుకే. కాయ నుంచి రంగు తీసి తిండిలో కలిపే ఫ్యాక్టరీలు ఆ ఎరుపుని కొలిచి మరీ కొంటాయి. కల్లంలో తాలుకాయ విడిగా ఏరించేది కూడా రంగు పోయిందనేగా?

అన్న: అది కడుపు నింపే రంగు. దాంతో పిల్లల ఫీజులు కట్టా.

చెల్లెలు: సరే, గిత్తల మాటకి వద్దాం. పొలం దున్నేది ట్రాక్టర్. మన ఊళ్ళో ఒంగోలు గిత్తల జత ఎందుకు ఉంది? సంక్రాంతికి, తిరనాళ్ళకి బండలాగుడు పందేలకి. ఏడాది పొడుగునా ఉలవలు ఉడకబెట్టి, నూనె పట్టి, ఒళ్ళు తోమి పెంచేది ఆ ఒక్క రోజుకే. ఆ జత వీధిలో నడిచి వస్తుంటే నువ్వు పని ఆపి గడప దాటి వచ్చి నిలబడతావు. నేను చూశాను.

అన్న: గిత్త ఈ గడ్డ మీద పుట్టిన జాతి. దాన్ని నిలబెట్టకపోతే మన పేరే పోద్ది. నీ క్రోటన్ ఎక్కడిది?

చెల్లెలు: ఇండోనేషియా తూర్పున మొలక్కస్ అనే దీవులున్నాయి, లవంగం పుట్టిల్లు. క్రోటన్ అక్కడిది, చుట్టుపక్కల పసిఫిక్ దీవులదీను. డచ్చి కంపెనీ కొలువులో అంబోన్ దీవిలో బతికిన రంఫియస్ అనే ఆయన దీని గురించి రాసిపెట్టాడు. ఆయన 1702లో పోయాడు, పుస్తకం 1741 నుంచి అచ్చయింది. ఇళ్ళ చుట్టూ కంచెగా పెంచే మొక్క అది. 1860ల్లో ఇంగ్లండ్ నర్సరీల వాళ్ళు పసిఫిక్ దీవుల నుంచి కొత్త కొత్త రకాలు పట్టుకెళ్ళి అద్దాల గదుల్లో పెంచారు. మనకి అది రైల్వే స్టేషన్లలో, పాత కాలేజీల ఆవరణల్లో కంచె మొక్కగా అలవాటయింది.

అన్న: అంటే పరాయిది.

చెల్లెలు: మిరప ఎక్కడిది మరి? మెక్సికో వైపుది. పోర్చుగీసు ఓడలు తేకముందు ఈ దేశంలో కారమంటే మిరియమే. నువ్వు వేసే పత్తి కూడా అమెరికా జాతిదే, దేశవాళీ పత్తి ఏనాడో తగ్గిపోయింది. ఇంకో సంగతి. ఐరోపాలో మొదట్లో మిరపని చాలామంది తినడానికి వేయలేదు, ఎర్రటి కాయ చూడ్డానికి బాగుందని కుండీల్లో పెంచుకున్నారు.

అన్న: (కాసేపు ఆగి) అది నాకు తెలియదు.

ఈ తొలి విడత చెల్లెలిదే. కానీ అన్న దగ్గర ఇంతకన్నా బరువైన మాటలు ఉన్నాయి. ఈ మైదానంలో కుండీ గురించి రాసేవాళ్ళు వాటిని తప్పించుకుని పోకూడదు.

అన్న: సరే, అందం సంగతి నీకే వదిలేస్తా. నీళ్ళ సంగతి చెప్పు. బోరు వేస్తే ఉప్పు. సాగర్ కాలవ వదిలినప్పుడు మంచినీళ్ళ చెరువు నింపుకుని, అది అడుగంటేదాకా ఊరంతా తాగాలి. బిందె నీళ్ళు కుండీలో పోస్తుంటే అమ్మ ముఖం చూశావా?

చెల్లెలు: చూశాను. అందుకే చెరువు నీళ్ళు పోయడం మానేశాను. మే నెలలో తప్ప ఒక కుండీకి రోజూ నీళ్ళు అక్కర్లేదు. మట్టిలో వేలు రెండు కణుపుల దాకా దించి చూడాలి, తడి తగిలితే పోయకూడదు. చలికాలంలో మూడు నాలుగు రోజులకోసారి చాలు. పక్కింటి ఏసీ నుంచి కారే నీళ్ళు డబ్బాలో పట్టుకుంటున్నాను. గాల్లో తేమే అట్లా నీరై కారేది, ఉప్పు ఉండదు. వానాకాలం చూరు నీళ్ళు.

అన్న: బియ్యం కడిగిన నీళ్ళు?

చెల్లెలు: అవి కుడితి తొట్టికే. గేదె నోటి దగ్గరది తీసి మొక్కకి పోయను.

అన్న: బోరు నీళ్ళు పోస్తే ఏమవుద్ది?

చెల్లెలు: నీళ్ళు ఆవిరవుతాయి, ఉప్పు మట్టిలో మిగులుతుంది. కుండీ అంచున తెల్లగా పేరుకుంటుంది, ఆకు కొనలు మాడతాయి. క్రోటన్ కొంత ఓర్చుకుంటుంది. డ్రసీనా, కార్డిలైన్ జాతులు ఓర్చుకోవు. వాటికి ఫ్లోరైడ్ కూడా పడదు, కొన నుంచి గోధుమరంగు చార దిగుతుంది. కనిగిరి వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉండి మనుషుల పళ్ళకీ ఎముకలకీ పట్టింది కదా, ఆ నీళ్ళకి అక్కడి వసారాల్లో డ్రసీనా కూడా కొనలు మాడ్చుకుంటుంది.

అన్న: మనుషులకే మంచి నీళ్ళు లేని చోట మొక్క కొన మాడిందని బాధా?

చెల్లెలు: కొన మాడితే ఆ నీళ్ళు మనమూ తాగుతున్నామని గుర్తొస్తుంది అన్నయ్యా. అయినా నీ మాట ఒప్పుకుంటున్నాను. చెరువు నీళ్ళు పోసి పెంచాల్సి వస్తే ఆ మొక్క ఈ ఊళ్ళో వద్దు.

అన్న: మట్టి ఏం వేశావ్? మన చేను మట్టేనా?

చెల్లెలు: బండి అతను ఇచ్చిన సంచిలో మట్టితోనే ఉన్నాయి ఇంకా. కుండీ మార్చేటప్పుడు రేగడి కలుపుదామనుకున్నా. బలమైన నేల కదా.

అన్న: కలిపావంటే చంపుకున్నట్టే. రేగడి చేలో బలం, కుండీలో ఉరి. తడిస్తే ఉబ్బి బిగుసుకుపోద్ది, వేరుకి గాలి ఆడదు. ఎండితే కుదించుకుని కుండీ గోడకి దూరం జరుగుద్ది. పైన పోసిన నీళ్ళు ఆ సందులోంచి జారి అడుగు బొక్కలో పోతాయి, నడిమి వేరుకి చుక్క అందదు. చేలో నెర్రెలు చూస్తావుగా, కాలు దిగబడేంత. ఎర్రమట్టి తెప్పించు. రెండు తట్టల ఎర్రమట్టికి ఒక తట్ట బాగా మాగిన పశువుల ఎరువు, ఒక తట్ట కొబ్బరి పొట్టు, గుప్పెళ్ళ కొద్దీ ఇసుక. ఎరువు పచ్చిది వేశావో వేరు కాలిపోద్ది, పురుగు పడుద్ది. కుండీ మట్టిదే కొను. ప్లాస్టిక్‌ది మన ఎండకి వేడెక్కి వేరు ఉడుకుద్ది.

చెల్లెలు: ఇంత తెలిసినవాడివి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?

అన్న: నువ్వు అడగలేదు. నేను అడగాల్సింది ఇప్పుడు అడుగుతా. ఆకు వెనక్కి తిప్పి చూశావా?

చెల్లెలు: చూశాను. అయినా నువ్వు అనుకుంటున్నది నాకు తెలుసు.

అన్న: తెలిసీ తెచ్చావా? ఆ ఏడు కార్తీకంలో చేను పూతతో నిండి ఉంది. ఒక్క పువ్వు విప్పి చూస్తే నల్లటి తామర పురుగులు కదులుతున్నాయి. మిల్లీమీటరు ఉండదు ఒక్కోటి. కొట్టని మందు లేదు. పూతంతా రాలింది. సంక్రాంతికి కోత ఉండాల్సిన చేనుని ట్రాక్టర్‌తో దున్నేశా. నేనొక్కణ్ణే కాదు, గుంటూరు, ప్రకాశం, అవతల ఖమ్మం దాకా అదే కథ. ఆ పురుగు ఎక్కణ్ణుంచి వచ్చింది? చెప్పు, చదువుకున్నదానివి.

చెల్లెలు: దాని పేరు త్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియాది. ఐరోపాలో మొదట కనపడింది గ్రీసులో, గార్డెనియా మొక్కల మీద. 2000లోనే శాస్త్రజ్ఞులు రాసి హెచ్చరించారు. 2020లో అమెరికాలో ఫ్లోరిడా నర్సరీల్లో అలంకార మొక్కల మీద పట్టుకున్నారు. మన దేశంలో తొలిగా 2015లో బెంగళూరులో బొప్పాయి మీద, ఆ తర్వాత డేలియా లాంటి పూలమొక్కల మీద చూశారు. ఆ తర్వాతే మిరప.

అన్న: అంటే నర్సరీ మొక్కల మీద ఎక్కి దేశాలు తిరిగిందన్నమాట. కొమ్మమూరు కాలవలో గుర్రపుడెక్క చూడు. దాన్నీ ఎవరో పువ్వు బాగుందనే తెచ్చారుగా?

చెల్లెలు: అవును. అమెజాన్ మొక్కది. పంతొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్‌కి అందం కోసమే తెచ్చారు. తలంబ్రాల చెట్టు, అదే లాంటానా, కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి అలంకారానికి వచ్చి అడవులు మింగింది. నీకు ఎదురు చెప్పను. క్రోటన్ వాటిలా విత్తనం రాలి పాకదు, కాలవకెక్కదు. కానీ దాని ఆకు వెనక ఏం వస్తుందో, దాని సంచి మట్టిలో ఏ ప్యూపా నిద్రపోతోందో కొన్నప్పుడు కనపడదు. ఆ భయం న్యాయమే.

ఇద్దరూ ఒప్పుకున్న ఈ చోటే నాకు సంవాదానికి ప్రాణం. పట్నంలో ఏడో అంతస్తు బాల్కనీలో ఉన్న కుండీకి చుట్టూ సిమెంటు. ఇక్కడ వసారా దాటితే దొడ్డి, దొడ్డి దాటితే నారుమడి. తామర పురుగుకి ఇల్లు, చేను అని రెండు లేవు. పత్తిని పీల్చిన పిండినల్లి మందారాన్నీ పీలుస్తుంది. తెల్లదోమకి వంగ, పత్తి, వసారాలో పూలమొక్క అన్నీ ఒకటే. కాబట్టి ఈ మైదానంలో రంగు ఆకు పెంచే హక్కు ఊరికే రాదు. పైరుని కాచే కన్ను కుండీ మీద కూడా పెట్టినవాళ్ళకే అది వస్తుందని నేను నమ్ముతాను.

అన్న: భయం న్యాయమే అంటే మరి తీసెయ్. లేకపోతే నా స్ప్రేయర్‌లో మిగిలిన మందు ఒకసారి కొట్టేస్తా, ఏమున్నా చస్తది.

చెల్లెలు: తీయను, కొట్టనివ్వను. అమ్మ పడుకునే వసారా అది. పైగా కొట్టి ఏం సాధించాం? 1987 గుర్తుందా? పత్తి మీద పైరిథ్రాయిడ్ మందులు వారానికోసారి పోశారు. శనగపచ్చ పురుగు మందుకి లొంగడం మానేసింది, తెల్లదోమ విరుచుకుపడింది. మన ప్రకాశం, గుంటూరు రైతులు ఆ మందే తాగి చచ్చిపోయారు.

అన్న: గుర్తు లేకపోవడమేంటి.

చెల్లెలు: అందుకే నా పద్ధతి చెబుతా, తప్పుంటే దిద్దు. కొత్తగా వచ్చిన మొక్క మూడు వారాలు మేడ మీద గదిలో ఒంటరిగా ఉంటుంది. ఇకనుంచి వచ్చిన రోజే సంచి మట్టి దులిపేసి, మూటగట్టి ఎండలో మాడ్చేస్తాను. నువ్వు చెప్పిన పాళ్ళలో కొత్త మట్టి వేస్తాను. పక్కన నీలిరంగు జిగురు అట్ట ఒకటి వేలాడదీస్తాను, నువ్వు చేలో కట్టేలాంటిదే. వారానికి రెండుసార్లు భూతద్దంతో ఆకు వెనక, చిగురు మడతలో చూస్తాను. దూదిలా తెల్లగా కనపడితే పిండినల్లి, సబ్బునీళ్ళ గుడ్డతో తుడిస్తే పోతుంది. సన్నటి బూజుగూడు, ఆకు మీద దుమ్ములాంటి చుక్కలు ఉంటే ఎర్రనల్లి. ఎండాకాలం పొడిగాలికి అది తప్పక వస్తుంది. ఆకు అడుగున నీళ్ళు గట్టిగా కొట్టి కడగాలి. అప్పటికీ ఉంటే లీటరు నీళ్ళకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు కలిపి సాయంత్రం పూట పిచికారీ.

అన్న: ముడత చూస్తున్నావా? మిరపలో ఆకు పైకి ముడిస్తే తామర పురుగు, కిందికి ముడిస్తే నల్లి.

చెల్లెలు: క్రోటన్ ఆకు దళసరి, అంత తేలిగ్గా ముడుచుకోదు. కొన్ని రకాల ఆకు పుట్టుకే మెలిక. లేత చిగురు మీద వెండి చారల్లా గీసినట్టు ఉందా, దాని మీద నల్లటి రెట్ట చుక్కలు ఉన్నాయా అని చూడాలి.

అన్న: కనపడితే?

చెల్లెలు: మొక్క మొత్తం సంచిలో కట్టి కాల్చేస్తా.

అన్న: రెండొందలు పెట్టి కొన్నదాన్నా?

చెల్లెలు: నువ్వు చేనే దున్నేశావు.

అన్న: (చాలాసేపటి తర్వాత) మొన్న తెచ్చినదానికి అప్పుడే ఆకులు రాలుతున్నాయే. అది పురుగు కాదా?

చెల్లెలు: కాదు. చోటు మారితే క్రోటన్ అట్లాగే ఆకు విడుస్తుంది. షేడ్ నెట్ కింద, తేమలో పెరిగి, రెండు రోజులు బండి మీద గాలికి ఊగి వచ్చింది. ఆకు రాలిందని జనం నీళ్ళు ఎక్కువ పోస్తారు, అప్పుడు నిజంగా వేరు కుళ్ళి చస్తుంది. ఆ పది పదిహేను రోజులు దాన్ని కదపకుండా వదిలేస్తే కణుపు దగ్గర కొత్త మొటిమ కనపడుతుంది.

అన్న: కొత్తాకు పచ్చగానే వస్తుందిగా. రంగు ఏదీ?

చెల్లెలు: నాకు ఈ మొక్క మీద ప్రేమ పుట్టింది అక్కడే అన్నయ్యా. చాలా రకాల్లో ఆకు పచ్చగానో పసుపుగానో పుడుతుంది. తర్వాత వారాల తరబడి రంగు మారుతూ పోతుంది, అందుకే కింద నుంచి పైదాకా ఒకే కొమ్మ మీద ప్రతి ఆకూ వేరే రంగులో ఉంటుంది. పచ్చదనం పత్రహరితానిది, పసుపు కెరోటినాయిడ్లది, ఎరుపు ఆంథోసయనిన్లది. నీ మిరపకాయ ఎరుపు మాత్రం కెరోటినాయిడే, అందుకే నూనెలో దిగుతుంది. క్రోటన్ ఎరుపు నీళ్ళలో కరిగే రకం. ఎండ ఎక్కువైనప్పుడు ఆకుకి గొడుగు పట్టేది అదే. నీడలో పెడితే ఆ గొడుగు అవసరం ఉండదు. దొరికిన కాస్త వెలుగునీ వాడుకోవాలని మొక్క పచ్చదనం పెంచుకుంటుంది, ఎరుపు తగ్గించుకుంటుంది. హాల్లో టీవీ పక్కన పెట్టుకుని రంగు పోయిందని తిట్టేవాళ్ళు మొక్కని చీకట్లో కూర్చోబెట్టామని తెలుసుకోరు.

అన్న: అయితే ఎండలోనే పెట్టొచ్చుగా. మనకి కొదవా?

చెల్లెలు: పొద్దుటి ఎండ, పది గంటల దాకా. తూర్పు వసారా దానికి సరిపోయింది. రోహిణీ కార్తెలో రెంటచింతలలో పడే ఎండ ఏ దీవి మొక్కా ఓర్వలేదు. దాని పుట్టింట్లో ఏడాదంతా ముసురూ తేమా. మన చలికాలం దానికి హాయి, పది డిగ్రీలకి పడే చలి మనకి రాదు కాబట్టి. కష్టమంతా మార్చి నుంచి జూన్ దాకా. అప్పుడు కుండీలన్నీ దగ్గరగా చేర్చి, కింద గులకరాళ్ళ పళ్ళెంలో నీళ్ళు పోసి ఉంచుతాను. రాళ్ళ మీద కుండీ నిలవాలి, నీళ్ళు అడుగుకి తగలకూడదు. పడమటి వైపు షేడ్ నెట్ కడతాను. నీ నారు పెంచేవాళ్ళ దగ్గర మిగిలిన ముక్క ఉంటే చాలు.

అన్న: ముక్క తెస్తాలే. కానీ బండి దగ్గర ఇంకోటి కొనడానికి ఒప్పుకోను.

చెల్లెలు: కొననక్కర్లేదు. వానాకాలంలో అంటు కడతా. వేలంత లావు కొమ్మ మీద అంగుళం మేర బెరడు ఉంగరంలా తీసి, తడిపిన కొబ్బరి పొట్టు చుట్టి, ప్లాస్టిక్ కాగితంతో రెండు చివరలా బిగించి కడితే నెలా నెలన్నరలో వేరు తెల్లగా కనపడుతుంది. కోసి నాటుకోవడమే. వీధిలో నలుగురు అడుగుతున్నారు. నేనిచ్చే అంటు మన కళ్ళ ముందు పెరిగింది, ఏ ఊరి పురుగునీ మోసుకురాదు. బండి దగ్గర కొనేది ఆ మేరకి తగ్గుతుంది.

అన్న: ఆ మాట నాకు నచ్చింది. అయితే ఒక షరతు. జులై నుంచి పూత దిగేదాకా బయటి మొక్క ఏదీ ఈ గేటు దాటి లోపలికి రాకూడదు.

చెల్లెలు: ఒప్పుకున్నా. ఏదీ అంటే ఏదీ. నువ్వు తెచ్చే మిరప నారు కూడా.

అన్న: నారు లేకపోతే పంటెట్టా?

చెల్లెలు: తెచ్చుకో. కానీ ప్రోట్రేల్లో వచ్చేదీ షేడ్ నెట్ కింద నర్సరీలో పెరిగిందే, ఊరి బయటి నుంచి బండెక్కి వచ్చిందే. క్రోటన్‌కి మూడు వారాల కాపలా పెట్టి, వేల మొక్కల నారుని దించిన పొద్దే చేలో నాటితే నా భూతద్దం ఎందుకు?

అన్న: మూడు వారాలు నారు ఆగదమ్మా, ముదిరిపోద్ది.

చెల్లెలు: మూడు రోజులు ఆగుతుందిగా. ట్రేకి పది మొక్కల చొప్పున ఆకు తిప్పి చూద్దాం.

అన్న: నాకు ఆ చిన్న పురుగు కళ్ళకి ఆనదు. ట్రేలు దిగే రోజు చెబుతా, నువ్వే రా.